అమ్మకమునకు వచ్చిన లోగిలి

ఏటేట వెలువడు మన మహాసభా సంచికలయందు మన వంశములవారి దానధర్మములను, విద్యాభివృద్ధిని, ఉద్యోగోన్నతిని గూర్చి వ్యాసములు పెక్కు ప్రకటింపబడుచుండుట సోదర సోదరీమణు లెల్లరు నెఱిగినదే. ఆ వంశములకు నీడ యిచ్చిన యిండ్లను గూర్చి వ్రాసినవారు మాత్రము మిక్కిలి యరుదు. కోనసీమయందలి అమలాపురము, అంబాజీపేట, కొత్తపేట, ముమ్మిడివరము మొదలగు చిన్న పట్టణములలోను, వాని చుట్టుపట్ల గ్రామములలోను, తాతముత్తాతలు కట్టిన మండువా లోగిళ్లు పెక్కు నేడు తాళములతో నున్నవి. కొన్నిటి వాకిళ్లపై నిల్లు అమ్మకమునకు గలదని తెలుపు పలకలు వ్రేలాడుచున్నవి. అట్టి పలకను జూచి కొందరు వంశమునకు తలవంపు వచ్చినదని దుఃఖింతురు. మఱికొందరు పాతగోడలతో మనకేమి పని యని తేలికగా ద్రోసివేయుదురు. ఈ రెండు మాటలును విచారము లేనివని మా యభిప్రాయము. ఆ లోగిలి యెట్లు పుట్టినది, ఏల అమ్మకమునకు వచ్చినది, అమ్మునపుడు మనము నెరవేర్పవలసిన విధి యేమి యను మూడు ప్రశ్నలకు చరిత్రనుండి సమాధానము వెదకుటకై యీ వ్యాసము వ్రాయుచున్నాము.

లోగిలి పుట్టుక

గోదావరి డెల్టా యెల్లకాలము నేటివలె పచ్చగా నుండలేదు. 19వ శతాబ్ది పూర్వార్ధమున కరవులును తుపానులును ఈ తీరదేశమును కృశింపజేసెను. 1832-33 నాటి కరవు గుంటూరు మండలమును పాడుపెట్టెను. 1839లో సముద్రపు టుప్పెన కోరంగి రేవును ముంచివేసెను. అటుపిమ్మట ఆర్థరు కాటనుదొర ధవళేశ్వరము కడ 1847లో ఆనకట్ట నారంభించి 1852 నాటికి ముగించెను. కాలువలు పారినవి, వానకై యెదురుచూచు చేలు మాగాణులైనవి. ఆ కాలువలు పొలమునకు నీటిని దెచ్చుటయే గాక పడవలకు దారులు గూడ నైనవి. వడ్లును కొబ్బరియు బెల్లమును పడవలకెక్కి కాకినాడ రేవునకు బోయినవి. ఎగువ మన్యపుటడవులనుండి కలప తెప్పలుగా గట్టబడి గోదావరి ప్రవాహముమీద రాజమహేంద్రవరమునకు దిగినది. ఇంటికి వలయు దూలములును స్తంభములును ఆ నీటిదారినే వచ్చినవి. మన కుమ్మరులు చేసిన గూనపెంకు కప్పులతోబాటు, 1865లో మంగుళూరునందు బాసెలు మిషనువారు పెంకుల కర్మాగారము నెలకొల్పిన పిదప, ఆ మాదిరి బిళ్లపెంకును క్రమముగా వాడుకలోనికి వచ్చెను.

కావున నేడు మనము పూర్వికుల వైభవమని చెప్పుకొను లోగిళ్లలో ననేకము ఆనకట్టకు తరువాతివే. అవి పంట మిగులుటచే పుట్టినవి. వీధియరుగులు, సింహద్వారము, నడవ, దానిని దాటగనే ఆకాశము గనబడు మండువా, దానికి నాలుగు వైపుల వసారాలు, గదులు, వెనుక వంటయిల్లు, పెరడు, నుయ్యి, పశువులసాల: ఇదియే సామాన్యముగా వాని యమరిక. నాలుగువైపుల కప్పులును లోపలికి వాలియుండుటచే వాననీరు మండువాలో బడి తూముగుండ వెలికి బోవును. గాలియు వెలుతురును నడుమనుండియే యన్ని గదులకు నందును. సంస్కృతమున దీనిని చతుశ్శాల యందురు. గానుగసున్నముతో గట్టిన గోడలు వేసవియందు చల్లగా నుండును. ధాన్యము పోయుటకు గాదెలు, కుండలు దాచుటకు అటకలు, పురుళ్లకు వేఱుగది, అతిథులకు వీధిగది, ఇట్లు ఇంటి వైశాల్యమునకు ప్రతియొక కారణము కలదు. పంటయంతయు నింటికి వచ్చుచు, అన్నదమ్ములందరు నొక్క పొయ్యిమీద వండిన యన్నము తినుచున్న సంసారమునకు తగిన కొలతతో నా యిల్లు కట్టబడినది.

ఆ యింటి యరుగు ఊరి వాడుకకు గూడ వచ్చెడిది. వీధిబడులు అరుగులపై నడచినవి, తగవులు తీరినవి, బాటసారులు నిద్రించినవారు. వారములు చెప్పుకొని చదువుకొన్న పేదవిద్యార్థులు దినమున కొక యింట భుజించి పెద్దవారైనారు. లంకల గన్నవరమున డొక్కా సీతమ్మగారు (1841-1909) తమ యింట నన్నార్థులకు లేదనకుండ వడ్డించి తెలుగుదేశ మంతటను కీర్తి గాంచిరి.

అయినను చరిత్ర వ్రాయువారు సగము సత్యము చెప్పరాదు. ఆ యరుగు నెక్కుటకు గూడ అర్హత లేదని నిలువరింపబడినవారు వీధిలోనే నిలిచియుండిరి. వారు పండించిన ధాన్యమే లోపలి గాదెలను నింపెను. తెల్లవారుజాము మొదలు పొయ్యిపొగలో గడపిన కోడండ్రకు ఆ యింటిలో భాగము లేకుండెను. చిన్నతనముననే భర్తను గోల్పోయిన యాడుబిడ్డలు వెనుకగదిలో జీవితము వెళ్లబుచ్చిరి. రాజమహేంద్రవరమున కందుకూరి వీరేశలింగము పంతులుగారు 1881 డిసెంబరు 11వ తేదీని తొలి వితంతు వివాహమును జరిపించినపుడు కదలినవి యట్టి వెనుకగదుల తలుపులే. లోగిలిని కొనియాడువారు ఈ సంగతులను మఱవకుండుట మేలు.

పూర్వధర్మము

ఉమ్మడి యిల్లు ఎవరిది? ఈ ప్రశ్నకు మన దేశమున చిరకాలము సమాధానము చెప్పినది మితాక్షర. కల్యాణి చాళుక్య చక్రవర్తి యగు ఆరవ విక్రమాదిత్యుని కాలమున (1076-1126) విజ్ఞానేశ్వరుడు యాజ్ఞవల్క్యస్మృతికి వ్రాసిన వ్యాఖ్య యిది. 13వ శతాబ్దియందు తిక్కన సమకాలికుడగు కేతన దీని ననుసరించి విజ్ఞానేశ్వరీయమును తెలుగున రచించెను. మితాక్షర ననుసరించి కుమారునకు తాతతండ్రుల యాస్తియందు పుట్టుకతోనే స్వత్వము కలుగును. తండ్రి యొక్కడు తన యిచ్చవచ్చినట్లు దాని నమ్మజాలడు. బంగాళదేశమున జీమూతవాహనుని దాయభాగము వేఱుగా చెప్పినది గాని తెలుగుదేశము మితాక్షర మార్గముననే నడచెను.

అదే మితాక్షరయందు భూవిక్రయమును గూర్చి యొక పురాతన నియమము ఉదాహరింపబడినది. భూమి యొకరి చేతినుండి మఱియొకరి చేతికి బోవుటకు ఆఱు కావలెనట: గ్రామము, జ్ఞాతులు, పొరుగువారు, దాయాదులు అను నలుగురి యనుమతియు, పిదప హిరణ్యమును, ఉదకమును. విజ్ఞానేశ్వరుడు దీనిని మూఢముగా స్వీకరింపక ఒక్కొకదానికి ప్రయోజనము చెప్పెను. గ్రామస్థుల యనుమతి వ్యవహారము బహిరంగ మగుటకు. పొరుగువారి యనుమతి యెల్లల తగవు పుట్టకుండుటకు. దాయాదులు అవిభక్తులైనచో వారికిని స్వత్వ ముండుటచే వారి సమ్మతి తప్పదు. విభక్తులైనచో, విభాగము జరిగెనా లేదా యను సంశయము ముందుముందు లేకుండుటకు వారి మాట యుపయోగించును. స్థావరమును కేవలము విక్రయించుట నింద్య మగుటచే బంగారమును నీటిని ధారవోసి, దానరూపమున నా విక్రయమును జరుపవలెను.

ఇట్లు పూర్వులు ఇంటి నమ్మరాదని శాసింపలేదు. రహస్యముగా నమ్మరాదని మాత్రమే శాసించిరి. మా వ్యాసమున కిదియే జీవము.

లోగిలి వీడుట

ఆంగ్ల న్యాయస్థానములు వచ్చిన తరువాత ఈ ధర్మము రూపు మాఱెను. కుటుంబావసరము నిమిత్తము కర్త ఉమ్మడి యాస్తిని తాకట్టు పెట్టవచ్చునా యను విషయమున 1856లో ప్రీవీ కౌన్సిలువారు హనుమాన్ ప్రసాద్ పాండే వ్యవహారమునందు చేసిన తీర్పు నేటికిని ప్రమాణము. అవసరము నిజమైనదేనా యని కొనువాడును, అప్పిచ్చువాడును విచారించి తెలిసికొనవలెనని దాని సారాంశము. మదరాసు న్యాయస్థానము 1860ల నుండియు భాగస్వామి తన యవిభక్తభాగమును ప్రతిఫలము గొని అమ్మవచ్చునని యంగీకరించెను. ఇంటి గోడ చెక్కుచెదరకున్నను ఇంటిలోని భాగము విడిగా అంగటి కెక్కుటకు నిట్లు దారి యేర్పడెను.

తరువాతి దెబ్బ విద్యవలన తగిలెను. దానిని దెబ్బ యనుటకంటె మార్పు యనుట న్యాయము. ఉమ్మడి సొమ్ముతో చదువుకొన్న కుమారుడు గడించినదియు ఉమ్మడిదే యని పూర్వపు తీర్పులు చెప్పుచుండెను. 1921లో గోకులచంద్ వ్యవహారమున ఐ.సి.యస్. ఉద్యోగి జీతమును గూర్చి ప్రీవీ కౌన్సిలువా రిట్లే తీర్మానించిరి. అందువలన కలిగిన యసంతృప్తి ఫలముగా 1930లో హిందూ విద్యార్జిత శాసనము వచ్చెను. నాటినుండి ఎవని చదువువలన వచ్చినది వానిదే యయ్యెను. రాజమహేంద్రవరము, మదరాసు కళాశాలలలోను, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులోను చదివిన మన పిల్లలు పట్టణములలో నుద్యోగములు సంపాదించి యచటనే వేఱిండ్లు కట్టుకొనిరి. పెద్దింటికి పండుగలకు వచ్చిరి. పిమ్మట పెండ్లిండ్లకు వచ్చిరి. తుదకు కర్మలకు మాత్రము వచ్చిరి.

1929 తరువాతి ఆర్థికమాంద్యమున వడ్ల ధరలు పడిపోయి రైతులు ఋణగ్రస్తులైరి. 1938లో మదరాసు ప్రభుత్వము రైతు ఋణవిమోచన శాసనము చేయవలసివచ్చెను. 1956లో ఆంధ్ర కౌలుదారీ శాసనమును, 1973లో భూపరిమితి శాసనమును వచ్చినవి. ఇవి పొలము దున్నువారికి, భూమి లేనివారికి న్యాయము చేయ సంకల్పించిన శాసనములు. వానిని నిందించుట మా యుద్దేశము గాదు. అయితే లోగిలి కొలతలు భూమి కొలతలను బట్టి యేర్పడినవి గదా! భూమి తఱిగిన పిమ్మట గాదె నిండదు; గాదె నిండని యింటికి పెంకులు నేయించుటయు కష్టమే. 1965లో అమెరికా దేశమువారు వలస చట్టమును సడలించిన తరువాత వైద్యులును ఇంజనీయర్లును సముద్రము దాటిరి. ఇంటి వారసులలో కొందరికి మండువా ఛాయాచిత్రములలోనే పరిచయము.

దీనికి లెక్క యొకటి తోడయ్యెను. ముగ్గురన్నదమ్ములు కట్టిన యింటికి, ఒక్కొకరికి మువ్వురు సంతానమను లెక్కను, రెండవ తరమున తొమ్మండుగురు, మూడవ తరమున ఇరువదియేడుగురు భాగస్వాములు. ఆఱు గదుల యిల్లు ఇరువదియేడు భాగములుగా నెట్లు చీలును? మండువాను పంచినచో వాన ఎవరి భాగమున గురియును? అందుచేతనే 1893 నాటి విభాగ శాసనము, పంచుటకు వీలులేని యాస్తిని భాగస్వాముల కోరికపై న్యాయస్థానము అమ్మించి సొమ్మును పంచవచ్చునని చెప్పినది. ఇంటి యమ్మకమును వంశపతనమని భావించువారు ఈ లెక్కను గమనింతురుగాక. ఇల్లు నిలుపుకొనలేకపోవుట పెక్కు తావుల సంతానము వర్ధిల్లినదనుటకే నిదర్శనము.

ఆడుబిడ్డల భాగము

మూడు తరముల విక్రయపత్రములను దిరగవేసినచో నం దాడువారి సంతకములు కానరావు. 1937 శాసనము భర్తను గోల్పోయిన స్త్రీకి పరిమితమైన హక్కు నొసగెను. 1956 నాటి హిందూ వారసత్వ శాసనము కుమార్తెకు తండ్రి యాస్తియందు వారసత్వము నిచ్చెను గాని, దాని 23వ విభాగము నివాసగృహమును మాత్రము వేఱుచేసెను. కుటుంబమువారు నివసించు నింటిని మగవారసులు పంచుకొన దలచువఱకు కుమార్తె పంపకము కోరరాదని శాసించెను. అనగా పొలములో భాగము కలదు గాని పుట్టినింట భాగము నడుగరాదు.

ఈ విషయమున ఆంధ్రప్రదేశము ముందడుగు వేసినదని మనము గర్వింపవచ్చును. 1986లో చేయబడి 1985 సెప్టెంబరు 5 నుండి అమలైన సవరణచే, నాటికి వివాహము కాని కుమార్తెలు పుట్టుకతోనే సమభాగస్వాములైరి. 2005 సెప్టెంబరు 9 నుండి కేంద్ర శాసనము వివాహితలు, అవివాహితలు అను భేదము లేకుండ దేశమంతటికిని ఆ హక్కును వ్యాపింపజేసి, 23వ విభాగమును తొలగించెను. 2020 ఆగస్టు 11వ తేదీని సుప్రీముకోర్టువారు వినీతాశర్మ వ్యవహారమున, 2005 నాటికి తండ్రి జీవించియుండకున్నను కుమార్తెకు హక్కు కలదని తేల్చిరి. 2004 డిసెంబరు 20కి పూర్వము న్యాయముగా ముగిసిన పంపకములు మాత్రము చెక్కుచెదరవు.

అయినను మన యిండ్లలో జరుగుచున్న దేమి? పసుపుకుంకుమల పేరిట కొంత సొమ్ము చేతబెట్టి హక్కు విడుదల పత్రముపై సంతకము చేయించుకొనుట. పుట్టింటి రాకపోకలు చెడునను భయముతో అప్పచెల్లెండ్రు మాఱుపలుకక వ్రేలిముద్ర వేయుదురు. తెలిసి, తృప్తిపడి విడుచుట త్యాగము. తెలియక విడుచుట మోసపోవుట. మన సంఘము స్త్రీవిద్యను గూర్చి తీర్మానములు చేయుచున్నది గదా. ఇంటి యమ్మకమునాడు ఆ తీర్మానము పరీక్షకు నిలుచును.

నేటి విధి

పూర్వపు టాఱు నియమములు నశించినవనుకొనుట పొరపాటు. అవి చెదరి నేటి శాసనములలో దాగియున్నవి. గ్రామానుమతికి మాఱుగ 1908 నాటి రిజిస్ట్రేషను శాసనము వ్యవహారమును బహిరంగము చేయుచున్నది. జ్ఞాతులను, దాయాదులను గూర్చి మూడు శాసనములు మాటాడుచున్నవి. ఉమ్మడి నివాసగృహమున భాగము కొన్న పరాయివానికి ఆ యింట కలిసి నివసించు హక్కు లేదని 1882 నాటి ఆస్తి బదిలీ శాసనము 44వ విభాగము చెప్పును. అట్టి పరాయివాడు పంపకమునకు వ్యాజ్యము వేసినచో వాని భాగమును విలువకట్టి కుటుంబమువారే కొనవచ్చునని 1893 శాసనము 4వ విభాగము చెప్పును. వీలునామా లేక పోయినవాని వారసులలో నొకరు తన భాగము నమ్మదలచినపుడు తక్కిన వారసులకు ముందుగా కొను హక్కు 1956 శాసనము 22వ విభాగముచే కలదు.

పొరుగువారి యనుమతి, అనగా నెల్లల నిర్ణయము, మాత్రము మన గ్రామములలో చిరకాలము లోపించెను. ఊరి నడిమి యిండ్ల స్థలము గ్రామకంఠమని యొక్కటిగా వ్రాయబడుటచే ఇంటింటికి వేఱుగా సర్వే పత్రము లేకుండెను. ఈ లోపమును దీర్చుటకై కేంద్రప్రభుత్వము 2020 ఏప్రిల్ 24న స్వామిత్వ పథకమును ప్రారంభించి డ్రోనులతో గ్రామ నివాసస్థలములను కొలిపించుచున్నది. కొలతకు వచ్చినపుడు దూరదేశమున నుండి యెవరును పలుకనిచో, ఇంటి పేరు యొక్క భాగస్వామి పేరనే నిలిచిపోవు ప్రమాద మున్నది. కావున అమ్మువారైనను అమ్మనివారైనను ఆ సమయమున మేల్కొని యుండవలెను.

కొందరు ధర్మాత్ములు తమ భాగమును విద్యార్థి వసతిగృహమునకో, గ్రంథాలయమునకో యిచ్చెదమని ముందునకు వత్తురు. వారి సంకల్పము శ్లాఘనీయము. అయితే మితాక్షర కుటుంబమున అవిభక్తభాగమును ఇతర భాగస్వాముల సమ్మతి లేక దానము చేసిన చెల్లదు. ముందుగా పంపకము చేసికొని గాని, అందరును గలిసి సంతకము చేసి గాని దానము చేయవలెను. వీరేశలింగము పంతులుగారు తమ యాస్తిని హితకారిణీ సమాజమునకు సమర్పించిరి. వారి యిల్లు రాజమహేంద్రవరమున నేటికిని దర్శనీయమై యున్నది. విజయనగరమున గురజాడ అప్పారావుగారి యిల్లును స్మారకముగా నిలిచినది. అన్ని యిండ్లు అట్లు నిలువవు. నిలువవలెననుటయు సాధ్యము గాదు. కొన్నవా రనేకులు స్థలమునకే వెల గట్టుదురు. దూలములు, ద్వారబంధములు, స్తంభములు పాతకలప వర్తకుల పాలగును. నూఱేండ్ల యిల్లు కొలదిదినములలో నేలమట్ట మగును.

అందుచే మేము మన సోదరులకు చేయు విన్నపము స్వల్పమైనది. ఇంటిని అమ్మదలచినవారు పలక కట్టుటకు ముందే భాగస్వాములందరికిని, ఆడుబిడ్డల కేమాత్రమును తక్కువ గాకుండ, వ్రాతమూలముగా తెలుపుడు. విలువ యింతయని యందరి యెదుట చెప్పుడు. కొనగల జ్ఞాతి యున్నచో మొదట అతని నడుగుడు. పెరటి పాకలో తరతరములుగా నివసించి యింటిపని చేసినవా రున్నచో వారి నిలువనీడకు ముందు దారి చూపుడు. ఏ పత్రములోను వారి పేరు లేకున్నను వారి ఋణము మనపై నున్నది. ఇంటి పటమును కొలతలతో గీయించి, గదిగదికి ఛాయాచిత్రము తీయించుడు. ఏ గది యే పనికి వాడబడెనో పెద్దలు బ్రతికియుండగనే అడిగి వ్రాసికొనుడు. అటకమీది తాళపత్రములను, చిట్టా ఆవర్జాలను, పాత దస్తావేజులను తూకమున కమ్మివేయకుడు. రాజమహేంద్రవరపు గౌతమీ గ్రంథాలయము, వేటపాలెము సారస్వత నికేతనము వంటి సంస్థలు మన భాషకు చేసిన సేవ పాతకాగితములను పదిలపఱచుటవలననే గదా సాధ్యమైనది.

ఇల్లు కట్టి చూడుమని పెద్దలు చెప్పిరి గాని, అమ్మి చూడుమని చెప్పుటకు వారికి సందర్భము కలుగలేదు. ఆ సందర్భము మన కాలమునకు వచ్చినది. మన సంఘమువారు ప్రతి శాఖయందును ఒక పుస్తకము తెఱచి, తమ పరిధిలో అమ్మకమునకు వచ్చిన పాతయిండ్ల పటములను, కట్టినవారి పేర్లను, కట్టుటకు శ్రమించిన వడ్రంగుల, తాపీపనివారల పేర్లు దొరకినచో వానిని, ఆ యింట పుట్టిన యాడుబిడ్డల పేర్లను గూడ వ్రాసి యుంచినచో, వచ్చు మహాసభకు దానిని సభ్యుల యెదుట నుంచవచ్చును. ఈ పనికి ధనమంతగా నక్కఱలేదు. ప్రతి యూరను ఓపిక గల యువకు డొకడును, జ్ఞాపకము గల ముదుసలి యొకరును చాలుదురు. ముదుసలులు మనకొఱకు వేచియుండరు గనుక ఈ యేడే యారంభింపవలెనని మా ప్రార్థన.